విస్తరి ముందు రాజుగారు

“లేవకండి, తింటూ ఉండండి. మాస్టారూ, ఎవరు వీళ్ళంతా?”

ఎస్సై వరప్రసాదరావు, మాస్టారు కాపురముండే బడి గుమ్మంలో నిలబడి అడిగాడు. అతని వెనక జీపు ఇంజను ఇంకా ఆగలేదు. లోపల, బెంచీలు గోడవారకు నెట్టిన చోట, ముగ్గురు మనుషులు విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. మాస్టారి భార్య కృపావతి పప్పు వడ్డించబోతూ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

“మా నాటక సమాజం సార్,” అన్నాడు ప్రేమానందం మాస్టారు. “వేసవి సెలవులు కదా, నాటకం ఒకటి ఆడదామని. బి.ఏ.లో నేను చదువుకున్న ఇంగ్లీషు నాటకమే, తెలుగు చేసుకుని...”

“చిల్లకల్లులో ఇంగ్లీషు నాటకమా!” ఎస్సై బూట్లతోనే లోపలికి వచ్చాడు. “నూట నలభై నాలుగో సెక్షన్ పెట్టారని తెలుసుగా? పాలేరు ఏరు దాటి దళాల మనుషులు దిగుతున్నారని పొద్దుటినుంచి సున్నపురాతి గుట్టలన్నీ గాలిస్తున్నాం. నలుగురు ఒకచోట కనబడితే జీపెక్కించమని ఆర్డరు.”

“వేషగాళ్ళు సార్ వీళ్ళు.”

“మీ నాన్న పాలేరుతనం చేసి మిమ్మల్ని చదివించాడట కదా. ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. నాటకాల పిచ్చిలో పడి ఆ ఉద్యోగం కాస్తా పోగొట్టుకుంటారా?”

ప్రేమానందం ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు. పందొమ్మిదివందల యాభై, మే నెల ఎండ పొద్దుగూకినా గోడల్లోంచి పోలేదు. “ఒక్కొక్కరినీ పరిచయం చేస్తా సార్. తర్వాత మీ ఇష్టం.”

“చెయ్యండి.”

మాస్టారు మూలనున్న క్రిస్మస్ సామాన్ల పెట్టె తెరిచి, బంగారు కాగితం అంటించిన అట్ట కిరీటం తీశాడు. దుమ్ము ఊది, ముగ్గురిలో గడ్డమున్న మనిషి నెత్తిన పెట్టాడు. ఆ మనిషి తుమ్మాడు.

“ఈయన ఇశ్రాయేలు. రాజు వేషం.”

“కిరీటం పిల్లలదిలా ఉందే?”

“తూర్పు దేశపు జ్ఞానుల వేషాలకని పిల్లలకు చేసింది సార్. రాజుగారిది ఇంకా తయారు కాలేదు. గడ్డం మాత్రం సొంతం. పెట్టుడు గడ్డం కావాలంటే బెజవాడ పోవాలి, బోలెడు అద్దె.”

ఎస్సై మీసం కదిలింది. “రెండోవాడు?”

“స్తెఫను. దెబ్బతిన్న సైనికుడు.” అతని కాలికి పంచె కింద గుడ్డ చుట్టి ఉంది. “కుంటడం అలవాటు కావాలని ఆ కట్టు విప్పొద్దన్నా.”

“మరి ఇతను?”

“ఏలీయా. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పరదేశి.”

“ఏమోయ్ పరదేశీ, మాటలన్నీ వచ్చాయా?”

“ఇంక యాదికొస్తలేవు సారూ,” అన్నాడతను.

ఎస్సై ముఖంలో నవ్వు పోయింది. “ఇదెక్కడి యాస?”

“నేనే నేర్పా సార్!” ప్రేమానందం అడ్డం వచ్చాడు. “పరదేశి మనలాగా మాట్లాడితే జనం నమ్మొద్దూ? ఇంట్లో కూడా అలాగే మాట్లాడమన్నా. మనకు దగ్గర్లో దొరికే పరాయి యాస అదేగా!”

“రాసిన కాగితాలేవీ? చూపించండి.”

“వీళ్ళకు అక్షరాలు రావు సార్. నోటితోనే చెబుతున్నా.”

కృపావతి గరిటెను గిన్నెలోకి విసిరేసింది. “బాగా గడ్డి పెట్టండి ఎస్సైగారూ! నాటకం నాటకం అని ఈయన నా ప్రాణం తోడేస్తున్నాడు. అరిచేది వాళ్ళు, అరిపించేది ఈయన, వండి చచ్చేది నేను. ఇంట్లో గింజ మిగల్లేదు. ఈయనతో కలిపి నలుగుర్నీ తీసుకుపోండి, మీ స్టేషన్లోనే కూడు పెట్టండి! కాకపోతే తిన్నాక తీసుకుపోండి. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళని పేరేంటి, ఊరేంటి అని అడగడం మా ఇంటావంటా లేదు.”

“కోప్పడకమ్మా.” ఎస్సై లాఠీ చంకలో పెట్టుకున్నాడు. కానీ కదల్లేదు. “రాజుగారిని ఒక్క ముక్క చెప్పమనండి. విని పోతా.”

గడ్డం మనిషి ఎడమచేత్తో కిరీటం పట్టుకుని లేచాడు. కుడిచేతికి పప్పన్నం అంటుకుని ఉంది. బయట జీపు హారన్ మోగింది. ప్రేమానందం పెదవులు కదిలాయిగానీ అందించడానికి మాట దొరకలేదు.

“నా దేశంలో నాకే చోటు లేదు,” అన్నాడు గడ్డం మనిషి చివరికి, మెల్లిగా. “నాకోసం ఎన్ని గడపలు తొక్కుతున్నారో తెలుసు. నాకు అన్నం పెట్టిన ఈ ఇంటికి నావల్ల కీడు రాకూడదు. పట్టుకుపోతే నన్నొక్కణ్ణే పట్టుకుపోండి.”

రెండు చేతులూ ముందుకు చాచాడు. కిరీటం జారి చెవిమీద పడింది.

ఎస్సై అతని చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. కృపావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“భేష్!” అన్నాడు ఎస్సై. “ఒళ్ళు జలదరించిందయ్యా! ఎన్నో అంకం ఇది?”

“మూ... మూడో అంకం సార్.”

“పర్మిషన్ సంగతి నేను చూసుకుంటా. ఆడే రోజు కబురు చెయ్యండి, మా ఆవిణ్ణి తీసుకొస్తా. ముందు వరసలో రెండు కుర్చీలు వెయ్యాలి, మర్చిపోవద్దు.”

జీపు దుమ్ము రేపుకుంటూ పేట రోడ్డెక్కింది. దాని చప్పుడు పూర్తిగా ఆగాక ప్రేమానందం తలుపు గడియ వేసి, బెంచీమీద కూలబడ్డాడు.

“మజ్జిగ పోసుకోండి,” అంది కృపావతి, ఏమీ జరగనట్టే.

ముగ్గురూ తిని, విస్తళ్ళు మడిచి, పెరట్లో చేతులు కడుక్కుని వచ్చారు. గడ్డం మనిషి కిరీటాన్ని నలగకుండా పెట్టెలో పెట్టి మూత వేశాడు.

అప్పుడు ప్రేమానందం గొంతు సవరించుకున్నాడు.

“ఇంతకీ మీరెవరండీ?”