కుంటుకుంటూ వచ్చే వాన

"ఆపరా! ఇది నువ్వు కట్టిన పాట కాదు."

షిర్వా పెద్దయ్య అంత మాట అనేసరికి గూలేద్ గుండె జారిపోయింది. సొంతంగా పాట కట్టి వినిపించినవాడికే తన కూతురు దేఖాని ఇస్తానని ఈ ముసలాయన ఊరంతా చాటాడు మరి! చాప గోడ వెనక దేఖా ఊపిరి బిగబట్టింది.

"నాదే పెద్దయ్యా!"

"నోర్ముయ్. మగాళ్ళ పద్యం ఒంటెల బారులా నిదానంగా నడుస్తుంది. ఇది చప్పట్లకి సరిపోయే నడక, అచ్చంగా మన ఆడవాళ్ళ నడక. సోమాలీ గడ్డ మీద పాలు తాగే పసివాడికైనా తెలుసు ఆ తేడా. ఎవరు కట్టారు?"

గూలేద్ తల వంచుకున్నాడు. "మా అమ్మ. నాన్న పోయాక పాటలే తోడు దానికి. పొద్దున్నే పాలు చిలుకుతూ పాడుకుంటుంది. వానపాటే కదా, కాస్త ప్రేమ కూడా ఉంది, పనికొస్తుందని..."

"మీ అమ్మ అర్దో కట్టిందా?" పెద్దయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. "వానపాటంట, వానపాట! మళ్ళీ చదువు."

గూలేద్ మళ్ళీ అందుకున్నాడు.

"తెల్లమబ్బా, పడమటి గట్టు మీద ఒంటరిగా ఎందుకు?
ఎడమకాలు ఈడ్చుకుంటూనైనా రా, నా వానా!
ఎండిన బావిని నేను, నోరు తెరిచి నీకోసమే చూస్తున్నా."

"ఎండిన బావి ఎవరు?"

"నేనే."

"మూతి మీద మీసమన్నా సరిగ్గా రాలేదు, అప్పుడే ఎండిపోయావా? సరే, కుంటే వాన ఎవరు?"

"దేఖా..."

"నా కూతురు కుంటుతుందట్రా?"

చాప వెనక కిసుక్కున నవ్వు. గూలేద్‌కి చచ్చేంత సిగ్గేసింది.

పెద్దయ్య మాత్రం నవ్వలేదు. తెల్లటి గడ్డం నిమురుకున్నాడు. ఒంటె తన్నినప్పటి నుంచీ నేలకి సరిగ్గా ఆనని తన ఎడమకాలి వంక చూసుకున్నాడు. భార్య పోయిన తను ఉంటున్న గుడిసె తప్ప పడమటి గట్టు మీద మరొకటి లేదు. నెమ్మదిగా ఆయన మొహం చాటంతయింది.

"తప్పయిపోయింది పెద్దయ్యా, వెళ్ళొస్తా," అని లేచాడు గూలేద్.

"ఎక్కడికిరా, కూర్చో! దేఖా, ఇంకో టీ పట్రా, చక్కెర దండిగా వెయ్యి!" పెద్దయ్య గబగబా తలపాగా సర్దుకుని, గొంతు సవరించుకుని, కుర్రాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "పిల్లని తీసుకో నాయనా, కాదనను. మరి మీ అమ్మని నాకిస్తావా?"