కంగారు

“చొక్కా విప్పండి,” అంది నర్సు స్వర్ణ.

దేవేంద్ర వినిపించనట్టు నిలబడ్డాడు. స్వర్ణ చేతుల్లో అతని కూతురు తెల్లటి గుడ్డలో గుప్పెడంత ఉంది. నెలలు నిండకుండా పుట్టిన, ఇంకా పేరైనా పెట్టని పిల్ల. తలకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు.

“మిమ్మల్నేనండీ. పాప ఒళ్ళు చల్లబడుతోంది. తల్లికి చలిజ్వరం. అది తగ్గేదాకా మీరే కంగారూ ఇవ్వాలి.”

“ఇప్పుడున్న కంగారు సాలదేటి తల్లీ,” అంది మంచం కాళ్ళ వైపు కూర్చున్న అతని అత్త గురమ్మ.

పక్క మంచాల్లో ఆడవాళ్ళు నవ్వారు. స్వర్ణకీ నవ్వొచ్చింది.

“ఆ కంగారు కాదు మామ్మా. కంగారూ అని ఒక జంతువుంది. పిల్లని పొట్ట సంచిలో పెట్టుకుని తిరుగుతుంది. అలా పాపని ఒంటికి ఆనించి కట్టుకోవాలి. చర్మానికి చర్మం తగలాలి.”

“అయితే నాకు కట్టీ,” అంటూనే గురమ్మ దగ్గింది.

“ఆ దగ్గుతో మీరు పాప మొహం దగ్గరికే రాకూడదు. నోటికి పైట అడ్డం పెట్టుకోండి.”

“మొగోడు పిల్లని రొమ్ముకి కట్టుకుంటాడేటి? నానెక్కడా ఇన్లేదు.”

“తండ్రి ఒంటికి వేడుండదా మామ్మా?”

“ఉండకేం. గరివిడి ఫేక్టరీలో ఫర్నేసు కాడ పని. మా అల్లుడికి ఏడికేం కరువు?”

మళ్ళీ నవ్వులు. దేవేంద్ర నవ్వలేదు. “చొక్కా మీదనే పెట్టీండి సిస్టర్. గట్టిగా పట్టుకుంటాను.”

“చొక్కాతో పనవ్వదండీ.”

“ఇంతమంది ఆడోళ్ళలో...” అని నసిగాడు.

“మేం సూడంలే బాబూ,” అంది పక్క మంచం మీది అప్పలమ్మ. “సూసినా ఏటుంటాది, మా ఇళ్ళల్లో లేని ఒళ్ళా?”

స్వర్ణ కుర్చీ తెచ్చి, మిగతా మంచాలకి వీపు వచ్చేలా, గోడవారనున్న అతని భార్య మంచం వైపు తిప్పి వేసింది. దేవేంద్ర అందులో కూర్చున్నాడు గాని, పై బొత్తాం మీద వేసిన చెయ్యి తియ్యలేదు. మంచం మీద రేఖ దుప్పటి కింద వణుకుతూ భర్తనే చూస్తోంది.

గురమ్మకి ఓపిక పోయింది. “ఆడపిల్ల పుట్టిందని సిన్నసూపేటి బాబూ? కొడుకైతే ఈపాటికి ఇప్పీసీవోడివి.”

వార్డులో నవ్వులు ఆగిపోయాయి. అందరూ అతని వీపు వైపు చూశారు.

“అది కాదత్తా.”

“మరేటి?”

దేవేంద్ర బొత్తాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

పాప సన్నగా ఏడవబోయి, ఓపిక లేక ఆపేసింది. స్వర్ణ వంగి ఒక కాలి మేజోడు తీసింది. “ఒకసారి ముట్టుకోండి.”

దేవేంద్ర వేలితో ఆ అరికాలు ముట్టుకున్నాడు. నీళ్ళలోంచి తీసిన గులకరాయిలా ఉంది. ఇంక ఎవరి వైపూ చూడకుండా చొక్కా బొత్తాలన్నీ విప్పి, లోపలి బనీను తలమీంచి లాగేశాడు.

ఎడమ రొమ్ము మీద పచ్చబొట్టు. పెళ్ళికి ముందెప్పుడో జాతరలో పొడిపించుకున్న పేరు. అక్షరాలు వంకరగా ఉన్నా చెరగలేదు. అది రేఖ పేరు కాదు.

రేఖ దాన్ని పెళ్ళైన కొత్తలో ఒకసారి చూసింది. ఏమీ అడగలేదు. మొహం అటు తిప్పుకుంది. ఆ తర్వాత దేవేంద్ర ఇంట్లో కూడా బనీను విప్పలేదు. ఇప్పుడు వార్డు మధ్యలో విప్పాడు.

స్వర్ణ కూడా చూసింది. చూడనట్టే పాప ఒంటిమీది గుడ్డ తీసి, అతని గుండెకి నిలువుగా ఆనించి, పాత చీర ముక్కతో చుట్టి ముడి వేసింది. పాప తల సరిగ్గా ఆ పేరు కిందికి వచ్చింది.

పాప వేళ్ళు అతని ఒంటి మీద ఏదో వెతుక్కున్నాయి. దేవేంద్ర ఊపిరి కూడా మెల్లగా తీశాడు. గట్టిగా తీస్తే పిల్ల ఉలిక్కిపడుతుందేమో అనిపించింది. తెలీకుండానే అతని అరచెయ్యి పాప వీపు మీదికి వచ్చేసింది.

“సూద్దును, ఎలాగున్నాదో,” అంటూ గురమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీ ముందుకి వచ్చింది. ఆవిడ ఈమధ్యనే అక్షరాలు నేర్చింది. ఎక్కడ అక్షరం కనబడినా చదవకుండా వదలదు. పొద్దున వార్డులో గోడల మీద రాసినవన్నీ పైకే చదివింది. మనవరాల్ని చూడబోయిన కళ్ళు కొంచెం పైన ఆగాయి.

“అ... రు...”

దేవేంద్ర చొక్కా అంచు పైకి లాక్కోబోయాడు.

“కదలకండి. ఇప్పుడే కుదురుకుంటోంది,” అంది స్వర్ణ.

అతను చొక్కా వదిలేశాడు.

“ణ...” ఆఖరి అక్షరానికి గురమ్మ తడుముకోలేదు. బస్సు బోర్డు మీద శ్రీకాకుళం అని రోజూ చూసేదే. “శ్రీ.”

అన్నీ కలుపుకుని ఇంకోసారి పైకే చదివింది. “అరుణశ్రీ.”

దేవేంద్ర కళ్ళు మూసుకున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. లేచి పోవడానికి లేదు. గుండె మీద పాప నిద్రపోయింది.

గురమ్మ నోటి మీంచి పైట తీసి కూతురు వైపు తిరిగింది.

“అరుణశ్రీ ఎవుర్తే?”

రేఖ పళ్ళు చలికి టకటకమంటున్నాయి. తల్లి వైపు చూడలేదు. భర్త గుండె మీది ఆ పేరునీ, దాని కింద వెచ్చగా ముడుచుకున్న చిన్న టోపీనీ చూసింది.

“నీ మనవరాలే అమ్మా.”