చీటీలో పడ్డ సమానత్వం

"ఆడవాళ్ళ బుద్ధి మగవాళ్ళకేం తీసిపోదు!" అంటూ మా ఆయన ఆర్మాన్ ప్రసంగం ముగించగానే, పారిస్‌లోని మా హాలంతా చప్పట్లతో మారుమోగింది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి అందరి ముందూ ఆయన చేతిని ముద్దాడాను.

అతిథులు వెళ్ళాక అడిగాను. "అయితే మన అమ్మాయి సోలాంజ్‌ని కన్యాస్త్రీల మఠం నుంచి తీసుకొచ్చేద్దామండీ. కుట్లూ ప్రార్థనలూ చాలు, లెక్కలు నేర్పిద్దాం."

ఆయన పగలబడి నవ్వాడు. "పిచ్చిదానా! చర్చలో ఎవరు ఏ వైపు మాట్లాడాలో ముందే చీటీలు తీస్తాం. ఇవాళ నాకు మీ ఆడవాళ్ళ వైపు పడింది. పోయినవారం కౌంటు గారింట్లో రెండో వైపు పడింది. అక్కడ ఇంతకన్నా చప్పట్లు!"

"మరి మీరు నమ్మేది?"

"నమ్మడమేంటి? అదొక ఆట." తాగేసిన చాక్లెట్ కప్పు నా చేతిలో పెట్టాడు. "నీ కన్నీళ్ళు మాత్రం భలే పనికొచ్చాయి."

ఆయన చూస్తుండగానే, ఆ చేతిని ముద్దాడిన పెదాల్ని రుమాలుతో గట్టిగా తుడుచుకుని, ఆ రుమాలు కప్పులో పడేసి, కప్పు తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను.