వరుసలో బిందెలు

మూడు రోజులుగా మా కొండవాలు వీధికి నీళ్ల ట్యాంకరు రాలేదు. ఏ వీధికి ఎన్ని ట్యాంకర్లు పంపాలో ఇప్పుడు యంత్రమే తేలుస్తుంది. యంత్రం చేసే ప్రతి నిర్ణయాన్నీ మామూలు మనిషికి అర్థమయ్యే ఒక్క సమీకరణంగా మార్చి చెప్పాలని చట్టం వచ్చింది కదా అని వార్డు ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా కిరీటి సాఫ్ట్‌వేర్ నడిపి చీటీ ఇచ్చాడు.

ట్యాంకర్లు = 0.05 × వరుసలో నిలబడ్డ మనుషులు.

"వరుసలో నలభై బిందెలున్నాయి కదా బాబూ!"

"మీ వీధిలో పెట్టిన కెమెరా బిందెల్ని లెక్కెట్టదు పైడమ్మ పిన్నీ. మనుషులే కనబడాల."

"బిందెడితే మనిషున్నట్టే. మా అమ్మ కాలం నుంచీ అంతే. ఆ ముక్క కూడా అందులో ఎక్కించు."

"చూపించడమే నా పని. మార్చడం నా చేతిలో లేదు."

మర్నాడు పనులు మానుకుని నలభైమందిమీ ఎండలో నిలబడ్డాం. మధ్యాహ్నం రెండు ట్యాంకర్లూ వచ్చేదాకా, మా బదులు నిలబడాల్సిన బిందెలు అరుగుల మీద నీడపట్టున కూర్చున్నాయి.