వీధి మొత్తానికి జ్వరం

పొద్దున్నే నర్సు ఎస్తేరు చేతిలోని పలక ఎర్రబడింది. మేదర వీధిలో పద్నాలుగు ఇళ్ళుంటే, పద్నాలుగు ఇళ్ళ పెద్దలకూ ఒక్కసారే నూటమూడు జ్వరం! ఊళ్ళో ఏ ఇంటి పెద్ద ఒంటి సంగతైనా ముంజేతి పట్టీయే నర్సు పలకకు చెప్పే రోజులు కదా, ఆమె మందుల సంచీ పట్టుకుని పరుగెత్తింది.

తీరా వెళ్తే బుట్టలల్లేవాళ్ళు అల్లుతున్నారు, చద్దన్నంలో ఆవకాయ కలిపేవాళ్ళు కలుపుతున్నారు. ఎవరి నుదురు ముట్టుకున్నా చల్లగానే ఉంది. ఎస్తేరుకు బుర్ర తిరిగిపోయింది. అప్పుడు చూసింది, ఏ ముంజేతికీ పట్టీ లేదు.

"పట్టీలేవి తాతా?" అని బుట్టలల్లే సన్నాసిని అడిగింది.

"కారం తింటే కూస్తాది, చుట్ట కాలిస్తే కూస్తాది. పడలేక అందరం చివరింటి పోలమ్మకిచ్చేసినాం. దాని ఒళ్ళు రాయి కదమ్మా!"

చివరింట్లో పోలమ్మ మంచం మీద వణికిపోతోంది. మోచేతి దాకా గాజుల్లా పద్నాలుగు పట్టీలు. ఎస్తేరు ఆమె నుదుటి మీద తడిగుడ్డ వేసింది. వెంటనే పలక అడిగింది: "పద్నాలుగు మందికీ మాత్రలిచ్చారా?"

ఎస్తేరు పలకను బోర్లించి పక్కన పెట్టింది.

పోలమ్మ కళ్ళు తెరిచి, చెయ్యెత్తి చూసుకుంది.

"నర్సమ్మా, ఇందులో నా జొరం ఏది తల్లీ?"