పడిపోయే గోపురం

అప్పటికి పిల్లల బ్లాకులు పడిపోవడం మానేశాయి. వంకరగా పెట్టినా లోపలి మోటార్లతో వాటంతటవే సర్దుకుని నిలబడేవి. దేవుడు మనల్ని పడనిస్తుంటే పిల్లల్ని మనమెందుకు పడనివ్వం అని శిరీషకు సందేహం. అందుకే మామూలు చెక్క బ్లాకులు చేయించి, నాలుగేళ్ల మనవరాలు మేధ ముందు పోసింది.

మేధ కట్టిన గోపురం కూలింది. పాప కాసేపు ఎదురుచూసి, "లేవండి!" అని గద్దించింది.

"అవి లేవవే తల్లీ."

"ఛార్జింగ్ పెట్టలేదా నానమ్మా?"

పాప పెదవి వణికింది.

"అది ఏడ్చిందంటే ఇవి అటకెక్కుతాయి అత్తయ్యా," అంది కోడలు.

శిరీష లోలోపల వెంకన్నకు మొక్కుకుంది.

మేధ వెడల్పాటి బ్లాకు వెతికి అడుగున పెట్టింది. ఊపిరి బిగబట్టి మిగతావి పేర్చింది. గోపురం నిలిచింది.

కోడలు చప్పట్లు కొట్టేలోపే మేధ దాన్ని ఒక్క తోపు తోసి పకపకా నవ్వింది.

"మళ్లీ నేనే కడతా! ఎవరూ ముట్టుకోకండి!"