రవ్వ ఎవరిది?

కోడలి వేళ్లకు తన వేళ్లు తగలగానే చిటుక్కుమంది. రాజలక్ష్మి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చూస్తివా? స్వామికే ఇష్టం లేదు. నువ్వు దీపం ముట్టొద్దు."

జెబ తెర బయటే ఆగిపోయింది. పడకగదిలో ఒక మూల తెర కట్టుకున్న పూజగది అది. చర్చికి వెళ్లే పిల్ల కదా అని ఇన్నాళ్లూ తటపటాయించిన అత్త, ఈ శుక్రవారం తనంతట తానే దీపం వెలిగించమని పిలిచింది. తెర ముందు పరిచిన కంబళి మీద జపం ముగించి లేచి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోబోయింది. అంతలో ఇది.

"పొద్దున్నుంచీ ఏసీ వేసుండాదమ్మా, గాలిలో తడి లేదు," అన్నాడు మంచం మీదున్న నరేన్. "ఒంట్లో చేరిన కరెంటు అది. మధ్యలో స్వామిని ఎందుకు లాగతావు?"

"ఒంట్లో కరెంటేందిరా?"

"రెండు ఇనప గుండ్లు ఉండాయనుకో. ఒకదాంట్లో కరెంటు ఉండాది, ఇంకోదాంట్లో లేదు. తగిలితే పంచుకుంటాయి. ఒకే సైజైతే చెరిసగం."

"చిన్నదీ పెద్దదీ అయితే?"

"పెద్దదానికి ఎక్కువ వాటా."

జెబ అత్తను ఒకసారి, తనను ఒకసారి చూసుకుని నవ్వు ఆపుకుంది.

"నవ్వమ్మా, నవ్వు. పంచుకున్నాక ఏం జేస్తాయిరా?"

"ఒకదాన్నొకటి తోసుకుంటాయి."

"ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల మాదిరి!" రాజలక్ష్మి కోపం మరిచిపోయి మంచం దగ్గరికి వచ్చింది. "సరే, ఇందాక కరెంటు ఉండింది ఎవురి దగ్గిర? నా ఒంట్లోనా, ఈ పిల్ల ఒంట్లోనా? స్వామి ఎవుర్ని వద్దన్నాడో తేలిపోతాది."

"అట్లా కాదుమా..."

"ఎట్లా కనుక్కునేదో చెప్పు, చాలు."

నరేన్ భార్య వైపు భయంగా చూశాడు. "ఇద్దరూ మళ్లీ ఇందాకటి మాదిరే ఉండండి. ఈసారి ఒకర్నొకరు ముట్టుకోవద్దు. విడివిడిగా ఈ ఇనప బీరువాను ముట్టండి. ఎవరికి చిటుక్కుమంటే వాళ్లే."

జెబ కళ్లు గట్టిగా మూసుకుని బీరువా పిడి మీద వేలు పెట్టింది. ఏమీ కాలేదు. మెల్లగా ఒక కన్ను తెరిచింది.

రాజలక్ష్మి వెళ్లి కంబళి మీద కూర్చుంది. జపంలో ఊగినట్టే కాసేపు ఊగింది. పట్టుచీర సర్దుకుంటూ లేచి వచ్చి, స్వామిని తలుచుకుని వేలు చాపింది. పిడి ఇంకా అందనే లేదు.

చిటుక్!

"కంబళిమా అది! పట్టుచీర దానికి ఒరుసుకుని..."

"నువ్వుండరా."

ఆవిడ వేలికొన వైపు చూసుకుంది. తెర సందులోంచి కనిపిస్తున్న పటం వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లకుండా, చెయ్యి మాత్రం చాపి అగ్గిపెట్టె అందుకుని, తగలకుండా కోడలి అరచేతిలో జారవిడిచింది.

"ఈపొద్దు స్వామి వద్దనింది నన్నే. దీపం నువ్వు పెట్టు తల్లీ."